పాతిక సెంట్ల గ్రాము

(స్మారకోపన్యాస పాఠం)



ఈ ఉపన్యాసం ఇమ్మని అడిగినప్పుడు, విషయం ఏమిటని కూడా అడిగారు. మాస్టారు నాకు చూపించిన మొదటి ప్రయోగం గురించీ, నన్ను అడిగిన చివరి ప్రశ్న గురించీ మాట్లాడతానన్నాను. ఆ రెంటికీ మధ్య ముప్పై మూడేళ్ళు.  ఈ ఊళ్ళో మూడు తరాల వాళ్ళకి ఆయన మాస్టారే కాబట్టి ఈ గంటసేపూ నేనూ మాస్టారనే అంటాను.

1977లో నేను ఈ కాలేజీలోనే బీఎస్సీ రెండో ఏడు. ఒకరోజు మాస్టారు ల్యాబుకి వస్తూ దారిలో ఇస్త్రీ బండి దగ్గర ఆగి, గుప్పెడు కొబ్బరి చిప్ప బొగ్గులు అడిగి తెచ్చారు. కోనసీమలో కొబ్బరి చిప్పకి కొదవేముంది! వాటిని నూరించారు. ఆవిరి పట్టించి కాల్చిన బొగ్గుపొడి ఇంకో సీసాలో సిద్ధంగా ఉంది. రెండు గాజు గ్లాసుల్లో సిరా కలిపిన నీళ్ళు పోసి, ఒకదాన్లో ఇస్త్రీ బండి బొగ్గు, రెండోదాన్లో సీసాలో బొగ్గు వేసి, కలిపి, వడగట్టించారు. మొదటి గ్లాసులో నీలం కాస్త పలచబడింది. రెండో గ్లాసులోంచి వచ్చినవి మంచినీళ్ళలా తేటగా ఉన్నాయి.

“సిరా ఎక్కడికి పోయిందోయ్?” అన్నారు.

“బొగ్గులోకండీ” అన్నాం అందరం.

“లోకి కాదు. మీదికి.”

ఆ మాట ఆ రోజు నాకు సగమే అర్థమైంది. మాస్టారు బోర్డు మీద లెక్క వేశారు. 800, 900 డిగ్రీల వేడిలో ఆవిరి తగిలితే బొగ్గు లోపల కంటికి కనపడని రంధ్రాలు పడతాయి. అలాంటి బొగ్గు ఒక్క గ్రాము తీసుకుని, ఆ రంధ్రాల గోడలన్నీ విప్పి నేల మీద పరిస్తే వెయ్యి చదరపు మీటర్లకు తగ్గదు. సెంటు అంటే నలభై చదరపు మీటర్ల చిల్లర. అంటే గ్రాముకి పాతిక సెంట్లు. సరిగ్గా పాతిక సెంట్ల కొబ్బరితోట ఉన్న రైతు కొడుకు నా పక్కనే కూర్చున్నాడు. వాడు ఆ పొడి అరచేతిలో వేసుకుని చాలాసేపు చూశాడు.

మేము ఆ బొగ్గు మీద సిరా నిలిపిన రోజులకి, లోకంలో కొందరు అదే బొగ్గు మీద విద్యుత్తు నిలుపుతున్నారు. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్‌లో పనిచేసిన హోవార్డ్ బెకర్ 1957లోనే రంధ్రాల బొగ్గు ఎలక్ట్రోడ్లతో కెపాసిటర్‌కి పేటెంటు తీసుకున్నాడు. అంత విద్యుత్తు ఎలా నిలుస్తోందో అప్పటికి అతనికే పూర్తిగా తెలియదు. ఒహాయో స్టాండర్డ్ ఆయిల్ కంపెనీలో రాబర్ట్ రైట్‌మైర్ 1966లో దాని కారణం పట్టుకున్నాడు. ఆ కంపెనీ దాన్ని బజారులో నిలబెట్టలేకపోయింది. జపాన్‌లో ఎన్‌ఈసీ కంపెనీ లైసెన్సు తీసుకుని, 1978లో సూపర్ కెపాసిటర్ అన్న పేరుతో అమ్మకానికి పెట్టింది. కరెంటు పోయినప్పుడు ఎలక్ట్రానిక్ మెమొరీ చెరిగిపోకుండా కాపాడడం దాని పని. బొత్తాం అంత బిళ్ళ. ఇవాళ్టికీ దాని రూపం పెద్దగా మారలేదు.

ఆ బిళ్ళలో జరిగేది పిల్లలకి కాస్త నిదానంగా చెప్పాలి. మొట్టమొదటి కెపాసిటర్ ఒక గాజు జాడీ. 1745లో పొమెరేనియాలో ఫాన్ క్లైస్ట్, 1746లో హాలండులోని లైడెన్ నగరంలో ముస్సెన్‌బ్రూక్ ఎవరికి వారుగా కనిపెట్టారు. జాడీ లోపల ఒక ఛార్జి, బయట దానికి ఎదురు ఛార్జి, మధ్యలో రెండు మూడు మిల్లీమీటర్ల గాజు. రెండు ఛార్జీలూ ఒకదాన్నొకటి లాక్కుంటాయి కానీ గాజు దాటలేవు. మధ్య ఎడం ఎంత తగ్గితే అంత ఎక్కువ ఛార్జి నిలుస్తుంది. పలకల వైశాల్యం ఎంత పెరిగితే అంత ఎక్కువ నిలుస్తుంది. ఈ రెండు వాక్యాల వెనకే రెండున్నర శతాబ్దాలు పరిగెత్తాం.

ఎడాన్ని తగ్గించే ఉపాయం 1853లో జర్మనీలో హెల్మ్‌హోల్ట్జ్ ఆలోచనలో తోచింది. లోహాన్నో బొగ్గునో ఉప్పునీటి లాంటి ద్రావణంలో ముంచి ఛార్జి ఇస్తే, ద్రావణంలోని అయాన్లు వచ్చి దాని ఒంటికి ఆనుకుని బారులు తీరతాయి. ఇటు ఎలక్ట్రాన్లు, అటు అయాన్లు, మధ్యలో గాజు లేదు, నీటి అణువు మందం అంత ఎడం మాత్రమే. నానోమీటరులో సగం అనుకోండి. లైడెన్ జాడీ గాజుతో పోలిస్తే నలభై, యాభై లక్షల రెట్లు పలచన. దీన్నే జంట పొర అంటాం. ఫారడ్ అంటే వోల్టుకి ఎంత ఛార్జి నిలుస్తుందో చెప్పే కొలత, మైక్రోఫారడ్ అందులో పది లక్షల వంతు. ఇలాంటి జంట పొర చదరపు సెంటీమీటరుకి 10 మైక్రోఫారడ్ల దాకా పట్టుకోగలదు. మాస్టారి పాతిక సెంట్లు అంటే కోటి చదరపు సెంటీమీటర్లు. కోటిని పదితో గుణించి చూడండి: గ్రాము బొగ్గుకి 100 ఫారడ్లు. లైడెన్ జాడీ ఒక ఫారడ్‌లో నూరు కోట్లవ వంతు పడుతుంది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఒక ఫారడ్ బిళ్ళ నూరు కోట్ల జాడీలతో సమానం అని పత్రికలో రాస్తే అబద్ధం కాదు, కానీ మోసం. నిలిచిన శక్తిని ఫారడ్‌తో పాటు వోల్టేజీ కూడా తేలుస్తుంది, అది కూడా వర్గంలో. జాడీ ఇరవై వేల వోల్టులు తట్టుకుంటుంది. నీళ్ళతో చేసిన జంట పొర 1.23 వోల్టులు దాటితే నీరే విడిపోవడం మొదలవుతుంది. నీటికి బదులు అసిటోనైట్రైల్ లాంటి ద్రావకం వాడితే 2.7 దాకా వెళ్ళొచ్చు. లెక్క కడితే, 2.7 వోల్టుల దగ్గర ఒక ఫారడ్ బిళ్ళలో 3.6 జౌళ్ళు, ఇరవై వేల వోల్టుల జాడీలో 0.2 జౌలు. నూరు కోట్లు కాస్తా పద్దెనిమిది అయింది. గోడ గడియారంలో వేసే పెన్సిల్ సెల్లులో పది వేల జౌళ్ళ దాకా ఉంటాయి. అందుకే సూపర్ కెపాసిటర్ బ్యాటరీని తరిమేస్తుందని ఎవరైనా అంటే నేను నమ్మను. దాని గొప్పతనం వేరు. సెకన్లలో నిండుతుంది, సెకన్లలో ఖాళీ అవుతుంది, లక్షలసార్లు నింపి వంపినా అరగదు. ఎందుకంటే అక్కడ రసాయన చర్య జరగదు, అయాన్లు వచ్చి నిలబడతాయి, వెళ్ళిపోతాయి. ఎయిర్‌బస్ ఏ380 విమానంలో అత్యవసర తలుపులు తెరవడానికి వీటిని నమ్ముకున్నారు. ఏళ్ళ తరబడి ఊరికే ఉండి, పిలిచిన క్షణంలో పలకాల్సిన పని అది.

మరి పాతిక సెంట్లను యాభై సెంట్లు చేస్తే? చేశారు. రెండు వేల చదరపు మీటర్లు దాటిన బొగ్గులు వచ్చాయి. ఫారడ్లు మాత్రం ఆ లెక్కన పెరగలేదు. సన్నటి రంధ్రాల్లోకి అయాన్ వెళ్ళలేదని అందరం అనుకున్నాం. ఎందుకంటే అయాన్ ఒంటరిగా తిరగదు, చుట్టూ ద్రావకపు అణువుల మంది ఉంటుంది. 2006లో ఫిలడెల్ఫియాలో యూరీ గొగోట్సీ, ఫ్రాన్స్‌లో పాట్రిస్ సిమోన్ బృందాలు కలిసి దీన్ని తలకిందులు చేశాయి. నానోమీటరు కన్నా సన్నని రంధ్రాల్లో ఛార్జి తగ్గడానికి బదులు ఎక్కువే నిలిచింది. సందు ఇరుకైతే అయాన్ తన మందిని కొంత గుమ్మం బయటే వదిలి లోపలికి దూరుతుంది, గోడకి ఇంకా దగ్గరవుతుంది. మాస్టారు చెప్పిన “మీద” అన్న మాటలో అంత లోతు ఉంది. ఎంత నేల ఉందన్నది ఒక ప్రశ్న, ఆ నేల మీదికి దారి ఉందా అన్నది ఇంకో ప్రశ్న.

నేల కోసం వెతికినవాళ్ళకి గ్రాఫీన్ ఒక వరంలా కనిపించింది. 2004లో మాంచెస్టర్‌లో గైమ్, నోవొసెలోవ్ గ్రాఫైట్ మీద టేపు అంటించి ఊడదీసి, ఒక్క పరమాణువు మందం ఉన్న కార్బన్ పొరను వేరు చేశారు. 2010లో నోబెల్ అందుకున్నారు. ఆ పొర అటూ ఇటూ లెక్కపెడితే గ్రాముకి 2,630 చదరపు మీటర్లు. మన కొలతలో అరవై అయిదు సెంట్లు. ఇంతకన్నా ఎక్కువ నేల ఒకే పొర కార్బన్‌కి ఉండదు. కానీ గ్రాఫీన్ పొరల్ని గ్రాముల లెక్కన చేసి ఎండబెడితే, తడి తమలపాకుల కట్టలా ఒకదానికొకటి అతుక్కుపోతాయి. అరవై అయిదు సెంట్లలో మూడో వంతు, కొన్నిసార్లు అంతకంటే తక్కువే చేతికొస్తుంది. 1991లో ఎన్‌ఈసీలోనే ఇజిమా లోకానికి చూపించిన కార్బన్ నానోట్యూబులది ఇంకో కథ. వాటి నేల తక్కువ, కానీ కరెంటుకి అవి రాజబాటలు. గొట్టాలు ఒకదానిమీద ఒకటి పడి వరిగడ్డి వామిలా అల్లుకుంటాయి, మధ్యలో అయాన్లు తిరగడానికి బోలెడు చోటు.

ఇప్పటిదాకా చెప్పినదంతా “మీద” సంగతి. “లోపల” నిలిపేవి ఉన్నాయి. వాటి కథ మన నీలిమందు తోటల దగ్గర మొదలవుతుంది.

పంతొమ్మిదో శతాబ్దంలో కడప, నెల్లూరు ప్రాంతాల నుంచి నీలిమందు ఓడలెక్కి వెళ్ళేది. 1826లో జర్మనీలో ఉన్‌ఫెర్‌డోర్బెన్ నీలిమందును బట్టీ పట్టి ఒక నూనె తీశాడు. 1834లో రుంగె అదే నూనెను బొగ్గు తారులోంచి తీశాడు. 1840లో ఫ్రిట్‌షె నీలిమందు నుంచి మళ్ళీ తీసి అనిలీన్ అని పేరు పెట్టాడు. మన “నీల” అరబ్బుల నోట పడి, పోర్చుగీసుల నోట “అనిల్” అయి, ఆ పేరులో చేరింది. 1843లో హోఫ్‌మన్ ఇవన్నీ ఒకటేనని తేల్చాడు. 1862లో లండన్‌లో హెన్రీ లెథబీ ఆమ్లంలో కలిపిన అనిలీన్‌లోకి కరెంటు పంపితే ప్లాటినం మీద నీలి పొర కట్టింది. మరుసటి ఏడే లాంకషైర్‌లో లైట్‌ఫుట్ అనిలీన్‌తో నూలుబట్ట మీద నల్లరంగు అద్దాడు. ఉతికితే పోని నలుపు. ఆ నలుపూ, ఆ నీలి పొరా అనిలీన్ అణువులు గొలుసు కట్టిన పాలిమర్, అంటే పాలీఅనిలీన్, కుటుంబంవే. అద్దకంవాళ్ళు నూలు పోగు మీద పెంచిన పదార్థాన్ని నూరేళ్ళు దాటాక మేము ఎలక్ట్రోడ్ అన్నాం.

ఆ నూరేళ్ళ మధ్యలో పాలిమర్ కరెంటు మోస్తుందని ఎవరూ అనుకోలేదు. వైరు మీద ప్లాస్టిక్ తొడిగేదే అది మోయదని. 1967లో టోక్యోలో హిదెకి షిరకావా ప్రయోగశాలలో వెయ్యి రెట్లు ఎక్కువ ఉత్ప్రేరకం పొరపాటున పడింది. నల్లపొడి రావలసిన చోట వెండిలా మెరిసే పాలీఎసిటిలీన్ పొర తేలింది. షిరకావా ఆ పొరపాటును పారబోయలేదు. 1976లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రవేత్త అలన్ మాక్‌డయార్మిడ్, భౌతికశాస్త్రవేత్త అలన్ హీగర్‌తో కలిసి ఆ పొరకి బ్రోమిన్ ఆవిరి తగిలిస్తే వాహకత కోటి రెట్లు పెరిగింది. 1977లో ప్రకటించారు, 2000లో ముగ్గురికీ నోబెల్ వచ్చింది. మేము ఈ ల్యాబులో సిరా వడగట్టిన సంవత్సరమే ఆ ప్రకటన. మాస్టారు దాని గురించి ఎక్కడో చదివి, ఏడాది తర్వాత మా చివరి క్లాసులో చెప్పారు. నా జీవితం ఆ క్లాసు నుంచి ఒక దారిలో పడింది.

పాలీఎసిటిలీన్ గాలి తగిలితే పాడవుతుంది. మాక్‌డయార్మిడ్ తర్వాతి రోజుల్లో పాలీఅనిలీన్ వైపు తిరిగాడు. చేయడం ఎంత తేలికో ఈ పిల్లలు నిన్న చూశారు: ఆమ్లం కలిపిన అనిలీన్ ద్రావణాన్ని మంచులో ఉంచి, అమ్మోనియం పెర్‌సల్ఫేటు పోస్తే చాలు. కాసేపు ఏమీ జరగదు. తర్వాత నీలి ఛాయ, ముదురు నీలం, చివరికి మరకతపు పచ్చ. గ్లాసు వేడెక్కుతుంది. అనిలీన్ విషం, తొడుగుల్లేకుండా ముట్టవద్దు, పొగగూడు బయట మూత తీయవద్దు. ఈ మాట ప్రతి ఏడూ చెప్పాలి.

ఆ ఆకుపచ్చ పదార్థం నుంచి ఎలక్ట్రాన్ లాగితే, ఖాళీని సరిచేయడానికి ద్రావణంలోంచి ఒక రుణ అయాన్ పాలిమర్ గొలుసుల మధ్యకి దూరుతుంది. బొగ్గులో అయాన్ గుమ్మం దగ్గర నిలబడుతుంది, ఇక్కడ ఇంట్లోకి వచ్చి కూర్చుంటుంది. రెండు అనిలీన్ ముక్కలకి ఒక ఎలక్ట్రాన్ లెక్క వేసినా గ్రాముకి 500 కూలుంబుల పైచిలుకు. 0.7 వోల్టుల పరిధిలో పంచితే 750 ఫారడ్ల దాకా వస్తుంది. బొగ్గుకి 100 అన్నాం కదా. ఈ తేడా చూసే నా తరం వాళ్ళం పిచ్చెక్కినట్టు దాని వెంట పడ్డాం.

ఇప్పుడు మాస్టారి చివరి ప్రశ్న. 2010 సంక్రాంతికి ఊరొచ్చాను. నా చేతిలో ఒక గ్రాఫు ఉంది. నానోట్యూబుల మీద పెంచిన పాలీఅనిలీన్, గ్రాముకి 620 ఫారడ్లు. మాస్టారికి అప్పటికి ఎనభై దాటాయి, చూపు మందగించింది. అరుగు మీద కూర్చోబెట్టి గ్రాఫు చేతికిచ్చాను. కళ్ళద్దాలు తీసి, కాగితం ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, “ఎంత తూచావోయ్?” అన్నారు.

“0.4 మిల్లీగ్రాములండీ.”

“దేనిమీద?”

“స్టీలు రేకు మీదండీ.”

“రేకు తూచావా?”

తూచలేదు. ఆయన నా చేత అరుగు మీదే లెక్క కట్టించారు. 0.4 మిల్లీగ్రాములకి 620 చొప్పున ఒక ఎలక్ట్రోడ్‌లో పావు ఫారడ్. కెపాసిటర్ అంటే రెండు ఎలక్ట్రోడ్లు, ఒకదాని తర్వాత ఒకటి, కాబట్టి మొత్తం సగమే మిగులుతుంది, బరువు మాత్రం రెట్టింపు. 620 అక్కడే 155 అయింది. రెండు చదరపు సెంటీమీటర్ల రేకులు రెండు 160 మిల్లీగ్రాములు, ఆమ్లంలో తడిపిన వడపోత కాగితం ఇంకో 60. అన్నీ కలిపి పంచితే గ్రాముకి అర ఫారడ్ పైన కొంచెం. అందులో నిలిచే శక్తి ముప్పై గ్రాముల బరువును పది సెంటీమీటర్లు ఎత్తడానికి సరిపోతుంది. మాస్టారు నన్ను ఒక్క మాట అనలేదు. “ధాన్యం అమ్మేటప్పుడు గోనె బరువు తీసేస్తాం. మోసేటప్పుడు గోనె బరువు కూడా వీపు మీదే ఉంటుంది” అని కాగితం తిరిగి ఇచ్చారు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను అచ్చేసిన అంకె తప్పు కాదు, పదార్థాన్ని ఒక్కదాన్నే కొలిచే మూడు ఎలక్ట్రోడ్ల పద్ధతిలో అది నిజమే. కానీ అది పదార్థపు గుణం, వస్తువు గుణం కాదు. ఆ తేడా చెప్పకుండా రాయడం నా తప్పు. ఆ మరుసటి ఏడు, 2011లో, గొగోట్సీ, సిమోన్ సరిగ్గా ఈ మాటే ‘సైన్స్’ పత్రికలో రాశారు: పలచని పొర మీద వచ్చిన గ్రాముల అంకె చూసి వస్తువును ఊహించవద్దని. బజారులో దొరికే సూపర్ కెపాసిటర్లలో ఎలక్ట్రోడ్ మందం 100 మైక్రోమీటర్లు పైనే, చదరపు సెంటీమీటరుకి పది మిల్లీగ్రాముల దాకా పదార్థం ఉంటుంది. నాది 0.2. అంత మందం పెంచితే నా 620 నిలుస్తుందా అని ప్రయత్నించాను. నిలవలేదు. లోపలి పొరల దాకా అయాన్ వెళ్ళేసరికి ఛార్జి ఇచ్చే సమయం అయిపోతోంది.

ఇంకో కష్టం కూడా అప్పుడే బయటపడింది. అయాన్ ఇంట్లోకి వస్తే ఇల్లు ఉబ్బుతుంది, వెళ్ళిపోతే కుంచించుకుపోతుంది. నల్లరేగడి నేల వానాకాలం ఉబ్బి ఎండాకాలం నెర్రెలు తీయడం చూసినవాళ్ళకి దీన్ని వివరించక్కర్లేదు. బొగ్గు లక్షలసార్లు నింపినా చెదరదు. ఉత్త పాలీఅనిలీన్ కొన్ని వేలసార్లకే బీటలు వారి, రేకును వదిలేస్తుంది. హద్దు మీరి ఛార్జి చేస్తే ఊదారంగుకి తిరిగి, నీటితో కలిసి క్వినోన్‌గా విడిపోతుంది. మా పెద్దవాళ్ళు మట్టిగోడ పెట్టేటప్పుడు మట్టిలో వరిగడ్డి తుంపి తొక్కేవారు. గోడ ఎండినప్పుడు గడ్డి పోచలు మట్టిని పట్టి ఉంచుతాయి. నానోట్యూబు ఇక్కడ ఆ గడ్డి పోచే, పైగా కరెంటు మోసే పోచ. పోచ మీద కొన్ని నానోమీటర్ల పాలిమర్ పూత ఉంటే ఉబ్బడానికి చోటుంటుంది, అయాన్‌కి దారి దగ్గరవుతుంది. గ్రాఫీన్ విషయంలో మేలు రెండువైపులా జరుగుతుంది: పాలిమర్ తమలపాకుల మధ్య దూరి అతుక్కోకుండా ఆపుతుంది, ఆకులు పాలిమర్‌ని విరగకుండా పట్టుకుంటాయి. ఈ పని చేసే విధానాలు వందల్లో ఉన్నాయి. వాటి పట్టిక చదివి మీకు విసుగు తెప్పించను.

పాలిమర్లలో పాలీఅనిలీన్ ఒక్కటే లేదు. పాలీపిర్రోల్‌కి ఆమ్లం అక్కర్లేదు, మామూలు ఉప్పునీటిలో పనిచేస్తుంది, కాబట్టి ఒంటికి తగిలే వస్తువులకి అదే మేలు. పెడాట్ అనేదాన్ని 1980ల చివర జర్మనీలో బేయర్ కంపెనీ తయారుచేసింది, ఫొటో ఫిల్ముకి దుమ్ము పట్టకుండా పూతగా వాడారు. దాని అణువు బరువెక్కువ, కాబట్టి గ్రాముకి 200 ఫారడ్ల దాకే లెక్క. కానీ అది మొండిది, చాలాకాలం చెడదు. అంకె చిన్నదని దాన్ని పక్కన పెట్టిన వాళ్ళలో నేనూ ఉన్నాను. మళ్ళీ మొదలుపెట్టే అవకాశం ఉంటే పెడాట్‌తో మొదలుపెడతాను.

చిన్న వస్తువు దగ్గరికి వస్తే కథ మారుతుంది, నా ఆశ అంతా అక్కడే. బస్సు నడపాలంటే కిలోలు కావాలి. తోటలో నేల తడి కొలిచే ఒక సెన్సరు పది నిమిషాలకోసారి నిద్ర లేచి, ఒక్క మాట రేడియోలో పంపి, మళ్ళీ పడుకుంటుంది. గోరంత సౌరఫలకం దాన్ని పోషించగలదు, కానీ మాట పంపే ఆ క్షణంలో కావలసినంత కరెంటు ఒక్కసారిగా ఇవ్వలేదు. మధ్యలో ఒక చిన్న తొట్టి కావాలి, ఏళ్ళ తరబడి మార్చక్కర్లేని తొట్టి. అక్కడ గ్రాముకి ఎన్ని ఫారడ్లని ఎవరూ అడగరు. చిప్పు మీద ఉన్న చదరపు మిల్లీమీటరులో ఎంత పడుతుందనే అడుగుతారు. ఉన్న కాస్త చోటులో పాలిమర్ తెచ్చే అదనపు ఛార్జికి అక్కడ నిజంగా విలువ ఉంది. పొర పలచనగా ఉండడం అక్కడ దొంగలెక్క కాదు, వస్తువే అంత.

ఈ దారిలో నాకు చాలా ఇష్టమైన పని మాక్‌డయార్మిడ్ శిష్యుడిది. రిచర్డ్ కేనర్ ఆయన దగ్గర పాలిమర్ల మీద పరిశోధన చేసి, తర్వాత లాస్ ఏంజెలెస్‌లో పాలీఅనిలీన్ నానోపోగులు చేశాడు. 2012లో తన విద్యార్థి మాహెర్ ఎల్‌కాడీతో కలిసి, డీవీడీ మీద పేరు చెక్కే మామూలు లైట్‌స్క్రైబ్ డ్రైవులో గ్రాఫైట్ ఆక్సైడు పూసిన డిస్కు పెట్టాడు. లేజరు తగిలిన చోటల్లా బంగారు గోధుమరంగు పొర నల్లబడి గ్రాఫీన్ అయింది. పొరలు అతుక్కోకుండా పొంగి నిలిచాయి. మరుసటి ఏడు అదే లేజరుతో రెండు దువ్వెనల పళ్ళు ఒకదాంట్లో ఒకటి దూర్చినట్టు గీతలు గీసి, అరగంట లోపు ఒకే డిస్కు మీద వందకి పైగా చిన్న సూపర్ కెపాసిటర్లు తీశారు. ఆ దువ్వెన అమరికలో అయాన్ మందం అంతా దాటి పోనక్కర్లేదు, పక్క పన్ను దాకా వెళితే చాలు. ఖరీదైన యంత్రం ఏదీ లేని పని అది. మన డిగ్రీ కాలేజీలో చేయగలిగిన పని.

మన దేశంలో కూడా కదలిక ఉంది. హైదరాబాదులో బాలాపూర్ దగ్గరున్న ఏఆర్‌సీఐ అనే పరిశోధన సంస్థ రంధ్రాల కార్బన్ మీద పనిచేస్తోంది. ఇస్రో సాంకేతిక సహకారంతో కేరళలో కణ్ణూరు దగ్గర కెల్ట్రాన్ కంపెనీ 2024లో సూపర్ కెపాసిటర్ల తయారీ మొదలుపెట్టింది. ఇంత చెప్పి, పిల్లల దగ్గర ఒక నిజం దాచకూడదు. ఇవాళ మీరు దుకాణంలో కొనే సూపర్ కెపాసిటర్‌ని విప్పితే గ్రాఫీన్ కనపడదు, పాలీఅనిలీన్ కనపడదు. బొగ్గే, చాలావాటిలో కొబ్బరి చిప్ప బొగ్గే. వాహక పాలిమర్లు బజారుకి వెళ్ళాయి, కానీ వేరే ద్వారం నుంచి: అల్యూమినియం, టాంటలం కెపాసిటర్లలో ఎలక్ట్రోలైటుకి బదులుగా పాలీపిర్రోల్, పెడాట్ కూర్చున్నాయి. కంప్యూటర్ బోర్డుల మీద అవి కోట్లలో ఉన్నాయి. కొబ్బరి చిప్పని ఓడించడం నా తరం వల్ల కాలేదు. దాన్ని ఓడించాలని అనుకోవడమే పొరపాటని ఇప్పుడు నాకు అనిపిస్తోంది. నేల దానిది, దారి నానోట్యూబుది, లోతు పాలిమర్‌ది.

బల్ల మీద రెండు డబ్బాలున్నాయి. మూడో ఏడు పిల్లలు నిన్న చేసినవి. రెండింటిలోనూ ఈ ఊరి కొబ్బరి చిప్పే, ఆవిరి పట్టించి కాల్చినది, గ్రాఫైట్ రేకు మీద పూశారు. ఎడమవైపు డబ్బాలో బొగ్గు ఒక్కటే. కుడివైపు దాంట్లో బొగ్గు మీద మంచులో పెంచిన పాలీఅనిలీన్ ఉంది. సభ మొదలయ్యే ముందు రెంటినీ 0.7 వోల్టుల దాకా ఛార్జి చేసి తీగలు విప్పేశాం. ఎవరూ ముట్టుకోకపోయినా ఈ తొట్లు కారతాయి. అది ఈ వస్తువుకి ఉన్న పాత జబ్బు, నేను ఈ గంటలో దాని ఊసెత్తకుండా దాటేశాను. ఏది ఎంత త్వరగా కారుతుందో కొలిచి చెప్పాల్సింది మీరే. రేపు పొద్దున్న పదింటికి వోల్టేజీ చూసి బోర్డు మీద రాయండి. ఎల్లుండీ, ఆవలెల్లుండీ రాయండి. డబ్బాల అడుగున కాగితం అంటించి ఉంది, మూత, రేకు, కాగితం, ఆమ్లం అన్నీ కలిపిన బరువు దానిమీద ఉంది. ఆ అంకె కూడా పక్కనే రాసి నాకు ఫోను చేయండి.